నైట్ డ్యూటీ దిగినంక

ఏడున్నరకు హ్యాండోవర్ ఇచ్చి
ఉస్మానియా గేటు బయట నలుగురం నిలబడ్డాం.
ఎవరి కాళ్లు వాళ్లవి కావు.
నయాపూల్ మీద మంచు, కింద మూసీ వాసన.
"ఇయాల ఇంటికి పోయి ఉప్మా కలుపుడు నాతోని కాదు"
అంది స్వరూప.
అంతే, మదీనా వైపు తిరిగాం.

ఫ్యామిలీ సెక్షన్ పైన. పన్నెండైతేగాని తెరవరట.
కింద అంతా మగవాళ్లే,
మఫ్లర్లు, ఉర్దూ పేపర్లు, సాసర్లోంచి జుర్రుతున్న చాయ్.
నుస్రత్ కౌంటర్ మీది పెద్దాయనతో ఏదో అంది,
ఏమందో మాకు ఇప్పటికీ చెప్పలేదు.
మూల బల్ల ఖాళీ అయింది.

నాలుగు నహారి, ఎనిమిది కుల్చాలు.
"పాయా?" అన్నాడు పిల్లగాడు.
"రాత్రంతా విరిగిన కాళ్లతోనే ఉన్నం బిడ్డా, వద్దు."

గిన్నెలొచ్చాయి.
మేం ముగ్గురం ఒకేసారి ఆవిరిలోకి ముఖం వంచాం.
కెజియా వంచలేదు.
నిమ్మచెక్క పిండుకుంటూ కూర్చుంది,
ఒకటి, ఆ తర్వాత ఇంకొకటి.

రెండో వేవ్‌లో పోయింది దాని ముక్కు.
జ్వరం పదిరోజులకు దిగింది, వాసన మళ్లీ రాలే.
ఉప్పు తెలుస్తుందట, పులుపు తెలుస్తుందట,
మిగిలిందంతా వేడి.
"ఒకందుకు మంచిదే, పుండ్లు కట్టనీకి నన్నే పిలుస్తరు"
అని నవ్వుతుంది. మేమూ నవ్వుతాం.
ఇన్నేళ్లుగా అదే జోకు.

ఇవాళ మాత్రం కుల్చా తుంచుతూ అడిగింది,
"ఎట్లుందో చెప్పుండ్రే."

పన్నెండేళ్లుగా కేస్ షీట్లు రాస్తున్నా,
నొప్పి ఎక్కడ, ఎంత, ఎప్పటి నుంచి, అన్నీ రాస్తా.
"మంచిగుందే" అన్నాను. నాకే సిగ్గేసింది.
స్వరూప కళ్లు మూసుకుంది:
"వానకు తడిసిన గొంగడి
పొయ్యి పక్కన ఆరేసినట్టు."
"థూ, గొంగడి తింటున్ననా నేను?"
అప్పుడు నుస్రత్:
పెళ్లయిన తెల్లారి
డేగిసాలు ఇంకా తోమకముందు,
షామియానా గుడ్డలు మడతపెడుతుంటే వస్తది చూడు,
అది.

కెజియా నమలడం ఆపింది.
"అది తెలుసు" అంది.
మళ్లీ మెల్లగా నమిలింది.

బిల్లు దగ్గర ఎప్పటి లొల్లే.
నా బ్యాగులో థర్మామీటర్ దొరికింది గాని పర్సు దొరకలేదు.
నుస్రత్ ఫోన్ తీసేలోపే
సోంపు పళ్లెం కింద నోట్లు పెట్టేసింది కెజియా.
చిల్లర పిల్లగాడికి.

అఫ్జల్‌గంజ్ బస్టాపు దాకా ఎవరం మాట్లాడలేదు,
నిద్ర, కడుపు నిండిన నిద్ర.
దాని బస్సు ముందొచ్చింది.
ఎక్కబోతూ వెనక్కి తిరిగి
కుడిచేయి నా ముఖం ముందు పెట్టింది.
"కడిగినంక ఉంటదా? చూడు, ఉందా?"

జనం తోస్తున్నారు, కండక్టరమ్మ అరుస్తోంది.
రాత్రంతా స్పిరిట్‌లో నానిన వేళ్లు.
ముక్కు ఆనించి,
తొందరపడకుండా,
పీల్చాను.

"ఉంది."

"సరే" అంది.
ఎడమచేత్తో రాడ్డు పట్టుకుని
బస్సెక్కింది.