లోపలికి వెళ్లిన వేళ

ఎస్టేటు ఆఫీసుకి మూడు అర్జీలు పెట్టుకున్నాం.
మొదటిదానికి జవాబు లేదు.
రెండోదానికి, బీమా కాగితాలేవీ అన్నారు.
మూడోదానికి ఒక పటం పంపి
అసలక్కడ గనే లేదని తేల్చేశారు.

లేని గనికి ఇనపగేటెందుకో
గేటుకి అరచేయంత తాళమెందుకో
నేనూ టెక్విన్ తిట్టుకుంటూ కొండ దిగుతుంటే
గొర్రెల దొడ్లో ఒకావిడ బకెట్టు కింద పెట్టి
"వాళ్లనడిగితే ఏమొస్తుంది నాయనా,
తాళంచెవి మా వంటింట్లో ఉంటేను" అంది.

నెస్టా ప్రోసర్.
వేల్స్‌లో ఆ మూల, గాలికి రాతిగోడలు కూడా
ఒక పక్కకి ఒరిగి నిలబడతాయి.
ఆవిడ మాత్రం నిటారుగా ఉంది.

బార్లీ డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి
చెవి బయటికి తీసింది. ఇవ్వలేదు.
ముందు టీ ఇచ్చింది.
బూట్ల అడుగులు తిప్పి చూసింది.
దీపాలు వెలిగించి చూపించమంది.
తాడు ముడి నాచేత విప్పించి మళ్లీ వేయించింది.
జూన్ కదా, గబ్బిలాలు నిద్రలో ఉండవులే
అని తనకి తనే చెప్పుకుంది.
కొత్త నోటుబుక్కు తీసి స్కేలుతో గళ్లు గీసింది:
పేరు. వెళ్లిన వేళ. వచ్చిన వేళ.
రాకపోతే ఎవరికి చెప్పాలి.
నాలుగో గడి దగ్గర టెక్విన్ పెన్ను
చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది.

"ఆరింటికి రండి. ఆరూ ఒకటికి ఫోను చేస్తా."

చెవి అప్పుడు కూడా ఇవ్వలేదు.
"రెండో మలుపులో ఒక గూడుంటుంది.
నీలం అంచు కప్పు, మా నాన్నది.
శనివారం దిగిపోతూ బోర్లించి వచ్చాడు.
సోమవారం గని తెరవలేదు. ఆ తర్వాతెప్పుడూ తెరవలేదు.
నాకప్పుడు తొమ్మిదేళ్లు.
తేవద్దు.
బోర్లించే ఉందా, అది చూసి రండి చాలు."

తాళం తుప్పుపట్టి ఉంటుందనుకున్నాం.
నూనె రాసి ఉంది.

మోకాళ్లలోతు నీళ్లు, పళ్లు జివ్వుమనేలా.
ఆ తర్వాత పొడినేల.
బురద ఎప్పుడో గట్టిపడి
మేకులు కొట్టిన బూటు అచ్చొకటి అలాగే ఉంది.
దాన్ని తొక్కకుండా గోడకి వీపు ఆనించి
పీతల్లా నడిచాం.
గోడ మీద సుద్దతో తొట్టెల లెక్క:
నాలుగు నిలువు గీతలు, మీద ఒక అడ్డగీత,
మళ్లీ అలాగే, మళ్లీ అలాగే,
చివర మూడే నిలువు గీతలు.
టెక్విన్ జేబులో సుద్దముక్క ఉంది.
ఇద్దరం దాని గురించి మాట్లాడలేదు.

రెండో మలుపు. గూడు. కప్పు.
బోర్లించి లేదు.
నోరు పైకి పెట్టి ఉంది.
కప్పులో నిండుగా నీళ్లు,
పైనుంచి చుక్క పడ్డప్పుడల్లా అంచు దాటి కారుతూ.
కారిన సున్నం పొరపొరగా పేరుకుని
కప్పుని రాతికి అతికించేసింది.
నెమ్మదిగా కదిపి చూశాను. రాలేదు.
నిన్నా మొన్నా ఎవరో తిప్పింది కాదిది.

ఐదూ నలభైకి బయటపడ్డాం.
వెలుగులో కళ్లు తెరవలేక నిలబడితే
ఎదురుగా నెస్టా, ఫోను చేతిలో పెట్టుకుని.
అబద్ధం ఒకటి దారంతా తయారుచేసుకుంటూ వచ్చాను.
ఆవిడ ముఖం చూశాక నోటికి రాలేదు.
ఉన్నదే చెప్పాను.

"సున్నం పట్టిందా?" అంది. "ఎంత మందం?"
చిటికెనవేలు చూపించాను.

కాసేపటికి నవ్వడం మొదలుపెట్టింది.
"ఆదివారాలు చేపలకని పోయేవాడు.
ఒక్క చేపా తెచ్చిన పాపాన పోలేదు.
మా అమ్మ ఇంకేదో అనుకుని
చచ్చేదాకా దెప్పిపొడిచింది.
ఈ చెవి మా ఇంట్లోకెలా వచ్చిందో
నేనూ ఎప్పుడూ అడగలేదు చూడు."

నోటుబుక్కు తీసి
మా పేర్ల మీద మిగిలిన కాస్త జాగాలో
చిన్న అక్షరాలతో నాన్న పేరు ఇరికించింది.
వెళ్లిన వేళ: ఆదివారం, అని రాసింది.
మిగతా గళ్లు వదిలేసి
గొర్రెలకి నీళ్లు పెట్టాలంటూ లేచింది.