ముప్పై రెండు మిల్లీమీటర్లు

ఆటోనగర్‌లో బేరింగుల కొట్టు నాది కాదు,
గుమస్తాని.
పటమట వెనక సందులో ఇల్లూ మాది కాదు.
గోడకి మేకు కొట్టకూడదన్నది
దిగిన రోజే వెంకటరత్నమ్మగారు పెట్టిన షరతు.

అందుకే మొదటి గూడు
పెరట్లో బోరు పైపుకి బైండింగు తీగతో కట్టాను.
నున్న మార్కెట్ నుంచి తెచ్చిన మామిడి పెట్టె చెక్క,
మేకులన్నీ పీకినా రసం వాసన పోలేదు.
కంత పెద్దదైపోయింది.
గోరింక దూరింది, పెత్తనం చేసింది,
రెండు రోజులు పేటంతా వినపడేలా తిట్టి
వెళ్ళిపోయింది.

రెండోదానికి మస్తాన్‌వలి రంగేశాడు.
లారీ బాడీలకి అలవాటు పడ్డ చెయ్యి కదా,
మూడు వైపులా తామరపూలు,
వెనకవైపు "మళ్ళీ కలుద్దాం".
చూడ్డానికి సందంతా వచ్చింది.
పిట్ట ఒక్కటీ రాలేదు.

మూడోసారికి తెలిసింది
పిచ్చుకకి ఎంత గుమ్మం కావాలో:
ముప్పై రెండు మిల్లీమీటర్లు.
నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా
రోజూ నా చేతుల మీంచి పోయే కొలతే అది.
అరలోంచి అరవై రెండు సున్నా ఒకటి బేరింగు తీసి
చెక్క మీద పెట్టి, చుట్టూ పెన్సిల్ తిప్పి,
గీత వెంబడే కోశాను.
రంగు లేదు.
కాకి వాలడానికి ముందు పుల్ల లేదు.
బెజవాడ మధ్యాహ్నానికి వీపు, తూర్పుకి ముఖం.
కరుణ వాళ్ళ ఉయ్యూరు నుంచి
వరికంకుల కుచ్చు తెచ్చి పక్కనే వేలాడదీసింది.

ముందు వాడొచ్చాడు, గొంతు కింద నల్ల మచ్చవాడు.
తొమ్మిది రోజులు లోపలికీ బయటికీ;
కుళాయి ఎన్నింటికొస్తుందో అడగడం ఒక్కటే తక్కువ.
పదో రోజు ఆవిణ్ణి తెచ్చాడు.
ఆవిడకి నచ్చలేదు.
పేర్చిన గడ్డంతా లాగి పారేసి
మళ్ళీ మొదటినుంచి మోయించింది.
కరుణ నా వైపు చూసింది.
నేను పైపు వైపు చూశాను.

సరిగ్గా గుడ్లు పెట్టిన వారమే
వెంకటరత్నమ్మగారు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు,
తమ్ముడి కూతురు దిగుతుందట.
సరేనండీ, ఇరవై ఏడు రోజులు ఆగండి అన్నాను.
"అదేం లెక్కయ్యా, నెలా కాదు, పక్షమూ కాదు?"
పొదగడానికి పన్నెండు,
ఎగరడానికి పదిహేను.
ఆవిడేం మాట్లాడలేదు.
కళ్ళజోడు తీసి కొంగుకి తుడుచుకుని
చెక్కకి చెవి ఆనించారు.
గుడ్లు కదా, ఏం వినపడుతుంది?
అయినా చాలాసేపు విన్నారు.

ఇప్పుడు మాది కానూరు, మూడో అంతస్తు.
నిన్న ఆవిడ దగ్గర్నించి ఫోను:
"మీవాళ్ళు మళ్ళీ మొదలెట్టారయ్యా,
ఈసారి నా చీపురు పుల్లలు."
వానలొస్తున్నాయి, తీగ బిగువు చూడమన్నాను.
పెట్టేశాక
జేబులోని బేరింగుని
చిటికెన వేలి కొస మీద తిప్పుతూ కూచున్నాను.

ఇక్కడి గోడకి మేకు కొట్టొచ్చో లేదో
ఇంకా అడగలేదు.