గుజిరీ

పీణ్య రెండో స్టేజీలో, ఫౌండ్రీ మేడ మీద
ఏసీ గదిలో కూచుని నేను ఇనుము కరిగిస్తాను.
చెయ్యి కాలదు. చెమట పట్టదు.
కింద షెడ్డులో మునివెంకటప్ప కరిగించేదీ ఇనుమే.

తెర మీద నా మూస
లక్షా పాతిక వేల త్రికోణాలతో అల్లిన చేపల వల.
చుట్టూ రాగి చుట్ట, దాని కడుపులో చన్నీళ్లు.
చుట్ట లోహాన్ని తాకదు.
పక్కింటి గొడవకి మన నెత్తురు ఉడికినట్టు
తాకకుండానే లోపల సుడులు లేపుతుంది.
ముందు చర్మమే కాగుతుంది.
ఏడొందల డెబ్బై డిగ్రీలు దాటాక ఇనుము
అయస్కాంతాన్ని గుర్తుపట్టడం మానేస్తుంది.
అప్పుడు గానీ సుడులు లోతుకు దిగవు.
ఇదంతా నాకు సమీకరణాల్లో తెలుసు.
ఆయనకి మోతలో తెలుసు.
"సద్దు మారింది, ఇంక మెత్తబడతాది," అంటాడు
కోలారు తెలుగులో, మీటరు వైపు చూడకుండానే.

రాత్రంతా లెక్క కట్టి నా మోడల్ చెప్పింది:
నలభై ఒక్క నిమిషాలు.
కొలిమికి పట్టింది నలభై ఏడు.

ఆ ఆరు నిమిషాల కోసం మూడు వారాలు వెతికాను.
ఫ్రీక్వెన్సీ, మూస గోడ మందం,
నీళ్లు లోపలికెళ్లే వేడి, బయటికొచ్చే వేడి.
వల కన్నాలు ఇంకా సన్నం చేశాను.
కంప్యూటర్ ఫ్యాను కొలిమి కన్నా గట్టిగా అరిచింది,
జవాబు మాత్రం కదల్లేదు.

చివరికి బూట్లు తొడుక్కుని మెట్లు దిగాను.
ఆయన తట్టలతో పోస్తున్నాడు:
పళ్లూడిన గేర్లు, వాషర్లు కోసుకోగా మిగిలిన రేకులు,
ఎవరి వాకిలిదో సగం గేటు, ఇంకా ఆకుపచ్చ రంగుతో.
నా ఫోన్లో బొమ్మ చూసి మెడ గోక్కున్నాడు.
"నీది ఒకటే దిమ్మ గదమ్మా. నాది గుజిరీ."

ముక్కకీ ముక్కకీ మధ్య సందు.
సందులో కరెంటు దాటలేని గాలి.
పై ముక్కలు అతుక్కుని వంతెన కడితే
గడ్డపారతో ఒక్క పోటు పొడుస్తాడు,
కిందిది లోలోపలే మరిగి గోడ తినేయకముందే.
ఆ పోటుకి నా దగ్గర గుర్తు లేదు.

పైకొచ్చి పదార్థాల పట్టికలో
ఒక వరస చేర్చాను: గాలి.
మోడల్ నలభై ఆరున్నర దాకా వచ్చింది.

మిగిలిన అర నిమిషం నాకు తెలుసు.
గేటు గడియ ఇంకా బాగుందని
ఆయన దాన్ని ఊడదీసి జేబులో వేసుకున్నాడు.
చూశాను.
రిపోర్టులో రాయలేదు.