జర జరుగుండ్రి

హన్మకొండ నుంచి హుజూరాబాద్‌కు
రోజుకు నాలుగు ట్రిప్పులు.
పొద్దంత నోరు తెరిచి ఒర్లుడే నా కొలువు:
"ఎన్కకు జరుగుండ్రి, ఎన్కకు! జాగ మస్తున్నది."
జాగ ఉండదు. నాకెర్కే, వాళ్లకెర్కే.
అయినా జరుగుతరు.

నా నోట్లె జరుగుమనెటోళ్లు లేకుండె.
కింది వరుసల ముంగటి నాలుగు పండ్లు
భీమారం కాడ కాలేజీ పోరగాండ్లు ఎక్కినట్టు
ఒకని భుజం మీద ఒకడు.
ఆ సందులల్ల బ్రష్షు పోదు, యాపపుల్ల పోదు,
మక్కగారె ముక్క మాత్రం
టికెట్ లేకుండ పోయి కూసుంటది.
పొద్దున ఉమ్మితె ఎర్రగ.
"వేడి చేసింది, మజ్జిగ తాగు" అన్నడు డ్రైవర్ ఐలయ్య.
రెండేండ్లు మజ్జిగ తాగిన.

నక్కలగుట్టల నుస్రత్ డాక్టరమ్మ
సన్నటి అద్దం లోపటికి పెట్టి
శానసేపు ఏం మాట్లాడలే.
గార గీకింది. చిగుర్లు మానినంక మళ్ల పిలిచింది.
"స్వరూపా, గార తిరిగి కడ్తది.
చీపురు తిరగని మూల ఎన్నిసార్లు ఊడ్సినా గంతే.
పండ్లు సక్కగ చేద్దాం."
నలభై ఒకటి నాకు. నవ్విన,
చెయ్యి అడ్డం పెట్టుకొని, అలవాటుగ.

చిట్టి ఎత్తిన పైసలు
గాజులకు పోవాల్సినయి తీగకు పోయినయి.

జాగ కోసం ఒక పన్నును మధ్యల దించేసింది.
పాపం, దానికి టికెట్ ఉండె.

పన్నంటె బొక్కల దిగ్గొట్టిన మొల అనుకున్న ఇన్నేండ్లు.
కాదట.
నడుమ సన్నటి నారల పరుపుంటదట,
దాని మీద పడుకొని ఉంటదట పన్ను.
తీగ మెల్లగ ఒత్తితె
ఒత్తిన దిక్కు బొక్క కరుగుతది,
ఇడిసిన దిక్కు కొత్త బొక్క పుడ్తది.
నాకు ఎంటనే సమజైంది:
హసన్‌పర్తిల ఒకరు లేస్తరు, ఒకరు కూసుంటరు,
సీటు ఖాళీగుండదు,
బస్సు నడుస్తనే ఉంటది.

"జల్ది గుంజరాదా మేడం?"
"గుంజితె ఏరు అరుగుతది.
నెలకు ఒక మిల్లీమీటరు. గంతే."
సంత రోజు ఎల్కతుర్తి కాడ
మా బస్సు గంతకన్న ఉరుకుతది.

మొదటి వారం "రైట్ రైట్" అంటె
"లైట్ లైట్" అని వచ్చింది.
బస్సు బస్సంత నవ్వింది, ఐలయ్య స్టీరింగ్ మీద పడి నవ్విండు.
చెంప లోపట పుండు, దాని మీద మైనం,
నాలుగు రోజులు గట్క, పెరుగు.
కంకి కొరకొద్దు, సకినం కొరకొద్దు,
జామకాయ చూడనే వద్దు.
హుజూరాబాద్ బస్టాండ్ల నల్లా కాడ
సద్ది తిన్నంక
సీసాలు కడిగే బ్రష్షుకు బిడ్డ అసుంటి దాన్ని
తీగ కింద తిప్పుకుంట నిలబడేది.
పక్క డిపోటోళ్లు కండ్లు పెద్దగ చేసి చూసేది.

ఒకనాడు ముసలామె ఒకామె,
జీరో టికెట్ పిడికిట్ల పట్టుకొని
నా నోట్లకే చూసుకుంట కూసున్నది.
"గా తీగలెందుకు బిడ్డా,
నా తీరు ఊడగొట్టుకుంటె పీడ పోవు."
ఆమెకు ఉన్నదొక్కటే, పొగాకు రంగుది,
మాట మాటకు ఊగుడు.
"ఉంచుకునెతందుకు అవ్వా" అన్న.
ఆమె ఇంకేం అడగలే.
కొంగుల కెల్లి బత్తాయి తొన తీసి చేతిల పెట్టింది.
"మెత్తగుంటది. తిను."

ఇరవై రెండు నెలలు.
తీగ తీసిన నాడు నాలుక
పోయిన సుట్టం కోసం ఇల్లంత తిరిగినట్టు తిరిగింది.
పొద్దున ఉమ్మిన. తెల్లగ.
మళ్లొకసారి ఉమ్మి చూసిన.

"పండ్లకు పాత సీట్లు యాదికుంటయి,
రాత్రి ఇది మరువకు" అని
అద్దమసుంటి ప్లేటొకటి ఇచ్చింది డాక్టరమ్మ.
లాస్ట్ ట్రిప్పు దిగి, లెక్క అప్పజెప్పి,
ఇంటికొచ్చి డబ్బా తెరుస్త.
పొద్దంత మందిని జరుగుమన్న నోరు గిది.
ప్లేటు ఎక్కిచ్చుకొని, దీపమార్పి
లోపటోళ్లకు చెప్త:
ఇగ ఎవ్వలు జరగకుండ్రి.