పంటు ఆలస్యం

సఖినేటిపల్లి రేవులో పంటు కదలకపోతే
మాధవాయిపాలెం బడిలో లెక్కల పీరియడ్ కదలదు.
ఆ సంగతి నేను రాసిన లైబ్రరీకి తెలీదు.

అందులో క్లాసంటే పిల్లల క్లాసు కాదు,
పూతరేకులు తీసే బోర్లించిన కుండ.
సోమవారం, మంగళవారం, ఎనిమిదో తరగతి బి,
రేకు తర్వాత రేకు అదే ఒంపుతో లేస్తాయి.
పీరియడ్‌కి నలభై నిమిషాలు. కాదంటే సెట్టింగుల్లో మార్చుకోవాలి.

ఏసుపాదం మాస్టారు పైకి మడిచిన ప్యాంటు దించుకుంటూ
"నా మొదటి గంట ఎవరికిచ్చావమ్మా?" అన్నారు.
"డ్రిల్లుకండీ. తొమ్మిదింటికి మీరు లేరని అదే మార్చేసింది."
"ఉన్నానమ్మా. ఏటి నడుమ."

ఆ రాత్రి ఉపాధ్యాయుడికి కొత్త గుణం చేర్చాను: రేవు.
అందరికీ ఖాళీ, ఆయనొక్కరికే నిజం.
పోటుకి పావుగంట.
పాటులో ఇసుక మేట తగిలితే ఎంత?
అక్కడ సున్నా పెట్టి పడుకున్నాను.

పొద్దున్నే కాగితం ఆయా ధనకొండకిచ్చాను.
రైలుపట్టా ముక్కా సుత్తీ ఆవిడవే.
చదవలేదు. నాలుగు మడతలేసి బొడ్లో దోపుకుని
వశిష్ఠ వైపు చూస్తూ నిలబడింది.
పంటు మీంచి తాడు ఒడ్డుకి పడ్డాకే సుత్తి ఎత్తింది.

"ఇన్నేళ్లూ ఇంతేనా?"
"మరి మాస్టారు దిగొద్దాండీ?"