పదిహేనో అంకె

కుతయిసీలో వాన మూడోరోజు.
రియోని నది బురదరంగులో
వంతెనల కింద ఏదో గొణుగుతోంది.
ఎతెరి నన్ను పాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.
దాని ఫ్యాను ఉబ్బసం మనిషిలా ఎగపోస్తోంది.

"రొట్టెల వాజా కొత్త యాప్ పెట్టాడు,
అది మన ఫైలు చదవాలట.
రోజూ ఫోన్లో లెక్క చెప్పీ చెప్పీ గొంతు పోతోంది,
ఓ దారి చూడు."

ఫైలు తెరిచాను.
పక్కనే చిన్న తాళం ఫైలొకటి పుట్టింది,
ఎవరో లోపలున్నారని గడపలో వదిలిన చెప్పుల్లా.
పదకొండేళ్ళ పట్టిక:
పేరు, ఊరు, పిల్లల బడి,
ఏ రాత్రి వచ్చింది, ఏ దెబ్బలతో.
చివరి గడి నిండా మగవాళ్ళ పేర్లు,
వీళ్ళకి చెప్పొద్దు అని.

పాస్‌వర్డ్ అడిగితే
కీబోర్డు తిరగేసి చూపించింది, పసుపు చీటీ.
నాకు నవ్వు రాలేదు.

నిరుడు చలికాలం ఓ కుర్రాడు, మంచివాడే,
క్లినిక్ వాళ్ళకి టీకాల లెక్క కావాలంటే
ఫైలంతా పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్ళాడు.
గుక్కెడు నీళ్ళడిగితే
ఇంటి తాళాలగుత్తి ఇచ్చినట్టు.
పదోరోజు గేటు దగ్గర ఒక మగవాడు.
చేతిలో పూలు.
మాక్వాలాని ఆ రాత్రే వెనక తలుపులోంచి
బతూమి బస్సెక్కించారు, చెప్పుల్లేకుండా.
ఆమె వరుస ఇంకా ఉంది ఇక్కడ.
"వెళ్ళింది" అని మాత్రం ఉంది.

వాజాకి ఏం కావాలి? అడిగాను.
"ఎన్ని రొట్టెలో."
ఇంకా?
ఎతెరి చాలాసేపు ఆలోచించింది.
"అంతే."

అయితే అంతే.
వేరే చిన్న ఫైలు చేశాను. రెండే గడులు, తేదీ, అంకె.
సాయంత్రం ఆరింటికి పెద్ద ఫైలు
తన తలలు తానే లెక్కపెట్టుకుని
ఆ అంకెని బయట పెట్టి తలుపు మూసుకుంటుంది.
యాప్‌కి వేరే పేరు, వేరే తాళం.
చదవొచ్చు, రాయలేదు,
వెనక్కి తిరిగి ఎవరింటికీ రాలేదు.

"పసిపిల్లలు సగమే తింటారు కదా,
ఆ ముక్క కూడా పెడితే?"
చెయ్యి మౌస్ మీదే ఆగింది నాకు.
సగాలు లెక్కపెడితే పిల్లలెందరో తెలుస్తుంది.
వద్దు, అన్నాను.
"సరేలే, మిగిలింది పావురాలకి."
పసుపు చీటీని తనే పొయ్యిలో వేసింది.

మర్నాడు వాజా కొట్లో నిలబడి చూశాను,
పనిచేస్తోందా లేదా అని.
గుండ్రటి మట్టిపొయ్యిలోకి సగం దూరి
గోడకి పిండి అంటిస్తున్నాడు.
ఫోను మోగింది. పదిహేను.
నిన్న పద్నాలుగు.

చేతులు తుడుచుకుని వీధిలోకి చూశాడు.
వాన తప్ప ఎవరూ లేరు.
ఎవరొచ్చారని అడగలేదు,
అడిగే చోటు యాప్‌లో లేదు.
నాకు వీపు తిప్పి
మరో ఉండ తీసుకున్నాడు.

అది మిగతావాటికన్నా పెద్దదా?
ఏమో.
ఆ గడి నేను పెట్టలేదు.