మొదటి నీళ్ళు

ఉజీత్సె బజారు మెట్ల మీద, మంచులో జారి
విదోసవ కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది.
కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని
పక్క గదిలోంచి వంట చేస్తోంది,
నా చేతులతో.

"రాత్రి నానేశావా?"
నానేశాను. తెల్ల చిక్కుడు గింజలు, అరకిలో.
తెల్లారేసరికి గిన్నె అంచుదాకా ఉబ్బి,
నీళ్ళలోంచి ఎంతకీ లేవని పిల్లల వేళ్ళలా
ముడతలు పడి ఉన్నాయి.

"ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్ళు పారబొయ్యి."
ఎందుకు?
"కడుపుబ్బరం అంతా మొదటి నీళ్ళతోనే పోతుంది.
ముప్ఫై ఒక్క ఏళ్ళు తిన్నావు,
ఇవాళ గుర్తొచ్చిందా అడగాలని?"

నేను రైల్వే సిగ్నల్ మనిషిని.
సముద్రం దాకా పోయే బండిని ఆపగలను, పంపగలను.
ఉల్లిపాయ ఎంత సన్నగా తరగాలో తెలీదు.
రెండు తరిగాను. మూడోది, కళ్ళు తుడుచుకున్నాక.
క్యారెట్ ఒకటి. ఎండిన బే ఆకులు రెండు.
వెల్లుల్లి, "చితక్కొట్టకు, అలాగే పడెయ్యి."

"ఇప్పుడు మాంసం. బాల్కనీలో, కొక్కేనికి."

పొగబెట్టిన పంది పక్కటెముకల పలక
కాలిన తలుపుచెక్కలా నల్లగా వేలాడుతోంది.
చుట్టూ పురికొస.
కత్తి పైకెత్తి ఆగిపోయాను.

ఆ ముడి నాకు తెలుసు.
రెండు మెలికలు వేసి, కొసని కిందనుంచి తెచ్చి
బిగించే ముడి.
దూడల్ని కట్టడానికి నాన్న మా ఇద్దరికే నేర్పాడు.
నేను కుడికి లాగుతాను.
ఇది ఎడమకి లాగి ఉంది.
పుర్రచేతివాడు, మా రాడిసావ్.

పదకొండు ప్లమ్ చెట్లు, మధ్యలో ఒక గట్టు.
ఆరేళ్ళుగా మాటల్లేవు.
కాయలు మాత్రం లాయర్లు తిన్నారు.

"విదో, ఈ మాంసం ఎక్కడిది?"
పక్క గది కాసేపు పలకలేదు.
"సంతలోదని చెప్తాను కదా, ఏటా."
"చెప్తావు."
"అయితే సంతలోదే."
తర్వాత, గొంతు తగ్గించి,
"మిలున్ తెస్తాడు, కొండ బస్సులో.
పాత పేపర్లో చుట్టి. చీటీ ఏమీ ఉండదు.
నీకు చెప్తే వద్దంటావని."

అనేవాణ్ణే.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఐదు చలికాలాలు ఆ పొగని రొట్టెతో అద్దుకుని
గిన్నె తుడుచుకుని మరీ తిన్నాను,
ఎవరి నిప్పో అడగలేదు.
బీచ్ కట్టె కాలుస్తాడు వాడు.
ఓక్ అయితే చేదెక్కుతుందని నాతో వాదించేవాడు.
నిజమే కాబోలు,
నాకెప్పుడూ చేదు తగల్లేదు.

ముడి కోయలేదు, విప్పాను.
చలికి బిగిసిపోయి ఉంది. ఒక గోరు చీలింది.

గింజలు, ఎముకలు, కొత్త నీళ్ళు.
కట్టెల పొయ్యి మీద ఓ వారకి జరిపాను.
"గరిట పెట్టకు, గింజ చితుకుతుంది.
కుండ చెవులు పట్టుకుని ఊపు."
ఊపాను.
మూత కింద గొణుగుడు మొదలైంది,
నిద్రపోయే పిల్లలు లేవకూడదని
గొంతు నొక్కి పోట్లాడుకునే ఇద్దరిలా.
మూడు గంటలు.
కిటికీకి ఆవిరి పట్టి స్టేషన్ కనబడలేదు.
ఫర్వాలేదు, ఇవాళ డ్యూటీ నాది కాదు.

ఆఖర్న తాలింపు. పందికొవ్వు, గరిటెడు పిండి.
"పొయ్యి మీంచి దించాకే మిరప్పొడి! మాడిందంటే..."
మాడలేదు.
సుయ్యిమని, కుండంతా ఎర్రబడింది.

ఉప్పు డబ్బా మూత తీసిన చప్పుడుకే అరిచింది,
"మాంసంలో ఉంది! ముందు రుచి చూడు."
చూశాను.
గింజ నాలుక తగలగానే విడిపోయింది.
ఉప్పు సరిపోయింది.

ఎడంచేత్తో చెంచా పట్టుకోవడం రాక
చీర్లు చీర్లుగా మాంసం ఒళ్ళో రాల్చుకుంటోంది విదోసవ.
ఊది ఊది నేనే తినిపించాను.
"ఉల్లిపాయ లావుగా తరిగావు," అంది.

పురికొస పారెయ్యబుద్ధి కాలేదు.
వేలికి చుట్టి, చుట్ట తీసి
అగ్గిపెట్టెల సొరుగు లాగాను.
అందులో అప్పటికే ఐదు చుట్టలున్నాయి.

మిలున్ బస్సు వెనక్కి ఎన్నింటికని
ఇంకా అడగలేదు.